జీతం ఏ తేదీన పడుతుందో తెలియదు, ఈఎంఐ మాత్రం 5వ తేదీకే. మీ ఇల్లు ఎలా నడుస్తోంది?

కుట్టుమిషన్ (రాయగడ), జనవరి 12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు, ఇవాళ రాయక తప్పలేదు. మాది ఒడిశా, మా ఆయన ఇక్కడ ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద ఎలక్ట్రీషియన్. కోతలన్నీ పోగా చేతికి 15,800. డబ్బు తక్కువన్నది ఒక బాధ అయితే అది ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం అంతకన్నా పెద్ద బాధ. గత ఆరు జీతాలు వరుసగా 7, 19, 11, 28, 9, 23 తేదీల్లో పడ్డాయి, గోడ మీద క్యాలెండర్లో గుండ్రాలు చుట్టి పెట్టాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. డిసెంబరు జీతం ఇంకా రాలేదు. ఎల్లుండి భోగి.

ఖర్చులు రాస్తాను, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి. అద్దె 3,800, బండి ఈఎంఐ 2,850, కిరాణా, కూరగాయలు కలిపి 5,500, పాలు 1,200, పాప స్కూలు 1,400, కరెంటు 650, గ్యాస్ 900 దాకా, ఫోన్లు మందులు ఆటోలు ఇంకో వెయ్యి. మొత్తం 17,300. తగ్గేది నేను జాకెట్లు కుట్టి పూడుస్తాను, ఒక నెల 2,000 వస్తే పండగ నెలలో 7,000 దాటుతుంది. అంటే లెక్క కాగితం మీద సరిపోతోంది! కానీ బండి ఈఎంఐ 5వ తేదీన, అద్దె 1న, జీతం దేవుడికెరుక. ఆరు నెలల్లో మూడు సార్లు బౌన్స్ అయింది. కిరాణా కొట్లో ఖాతా 6,200కి చేరింది, ఆ వీధిలోంచి వెళ్లడానికి మొహం చెల్లక చుట్టూ తిరిగి వెళ్తున్నాను. తేదీ లేని జీతంతో ఇల్లు నడిపేవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?

జయపురం లారీ, జనవరి 12

ఉన్నాం చెల్లీ, ఊరంతా ఉన్నాం. నాది సొంత లారీ, జయపురం నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం, విశాఖ. కిరాయిలో అడ్వాన్స్ డీజిల్‌కీ టోల్‌కీ పోతుంది, మిగిలే బ్యాలెన్సే మా తిండి, అది సరుకు దిగిన రసీదు పార్టీ చేతికి చేరాక ఎప్పుడో. వారంలో వస్తే పండగ, నలభై రోజులైనా అడగలేం, అడిగితే తర్వాతి లోడు ఇంకొకడికి ఇస్తాడు. నేను చేసేది ఒక్కటే, బ్యాలెన్స్ పడగానే అందులోంచి టైర్ల డబ్బు ముందు పక్కన పెడతాను, తర్వాతే ఇంట్లోకి. పక్కన పెట్టడం అంటే మా ఆవిడకి కూడా తెలియని అకౌంట్లో. ఇది ఆవిడ చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

పర్లాకిమిడి పెన్షనర్, జనవరి 13

అమ్మా, ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్ దగ్గర కూర్చున్నవాణ్ణి, ముందు బౌన్స్ సంగతి చూద్దాం. ఒక్కో బౌన్స్‌కి రెండు చోట్ల కోత పడుతుంది, ఫైనాన్స్ వాళ్లది ఒకటి, మీ బ్యాంకుది ఇంకొకటి. మీకు ఎంత పడిందో స్టేట్‌మెంట్లో చూసి చెప్పండి. ఈలోగా ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్లి ఈఎంఐ తేదీ మార్చమని కాగితం రాసివ్వండి, నోటిమాటగా అడిగితే చూద్దాం అంటారు, కాగితం ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకుంటే ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు. కొందరు మారుస్తారు, కొందరు మార్చరు.

ఎల్ఐసీ ఉంటే అది నెలనెలా కట్టకండి. నెలవారీ పద్ధతిలో గడువు దాటాక ఇచ్చే సమయం 15 రోజులే, మూణ్ణెల్లకో ఆరు నెలలకో ఏడాదికో కట్టేదైతే 30 రోజులు. తేదీ లేని జీతం వాళ్లకి ఆ పదిహేను రోజుల తేడా చాలా పెద్దది.

ఇక జీతం ఆలస్యం గురించి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉంది, వెయ్యి మంది లోపు పనిచేసే చోట మరుసటి నెల 7వ తేదీ లోపు, అంతకు మించితే 10వ తేదీ లోపు జీతం ఇవ్వాలని. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం నెల జీతం 7వ తేదీ దాటకూడదు. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమాని ఇవ్వాలన్న మాట 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం నుంచీ ఉన్నదే. మీవారికి ఇది తెలుసా?

కుట్టుమిషన్ (రాయగడ), జనవరి 13

తెలుసు బాబుగారూ, ఆయనకే కాదు, అక్కడ పనిచేసే అందరికీ తెలుసు. కిందటేడు ఒకాయన లేబర్ ఆఫీసుకి వెళ్తానన్నాడు, వెళ్లకుండానే మర్నాటి నుంచి గేట్ పాస్ పనిచేయలేదు. అందుకని ఆ దారి ప్రస్తుతానికి వదిలేయండి.

స్టేట్‌మెంట్ చూశాను, గుండె ఆగినంత పనైంది. ఒక్కోసారి ఫైనాన్స్ వాళ్లవి 590, బ్యాంకువి 295. మూడు సార్లకి 2,655. ఇంకో రెండు వందలు వేస్తే ఒక ఈఎంఐ అయిపోయేది!!

గుణుపురం మాస్టారు, జనవరి 13

ప్రైవేటు స్కూలు మాస్టర్ని. మాకు ఏడాదికి పది జీతాలే, వేసవి రెండు నెలలు సున్నా. మొదటి మూడేళ్లు మే నెల రాగానే తోడల్లుడి దగ్గర చేబదులు, జూలైలో తీర్చడం, మళ్లీ మే. తర్వాత ఒక సంగతి తట్టింది. మా తాత వంశధార పక్కన రెండెకరాల రైతు, ఆయనకి జన్మలో జీతం రాలేదు, పంట ఏడాదికి ఒక్కసారి. అయినా మా మామ్మ ప్రతి ఉదయం గాదెలోంచి అదే కుంచంతో అన్నే గింజలు తీసేది. కోతల రోజున రెండు కుంచాలు తీయలేదు, శ్రావణంలో అర కుంచం తీయలేదు. వచ్చేదానికి తేదీ లేదు గానీ తీసేదానికి ఉంది. ఒకటో తారీఖు జీతం అన్నదే మధ్యలో వచ్చిన అలవాటు, అది పోయేసరికి మనం గాదె కట్టడం కూడా మర్చిపోయాం.

నేను చేసింది ఇదీ. నెలకి 14,000, పది నెలలకి 1,40,000, పన్నెండుతో భాగిస్తే 11,666. నా జీతం 11,500 అని నాకు నేనే ఖాయం చేసుకున్నాను. స్కూలు డబ్బు ఎప్పుడు పడినా ఒక అకౌంట్లో పడుతుంది, దాని పేరు గాదె. ఒకటో తారీఖున అందులోంచి ఇంటి అకౌంట్లోకి 11,500 పంపుతాను. గాదె అకౌంట్‌కి ఏటీఎం కార్డు బీరువాలో ఉంటుంది, యూపీఐ లేదు, యూపీఐ పెట్టామంటే గాదె కింద పందికొక్కుని పెంచుకున్నట్టే.

అక్కయ్యగారూ, మీరు సగటు తీయకండి. సగటు తీస్తే పండగ నెల 7,000 వచ్చి కళ్లకి గంతలు కడుతుంది. కుట్టుపని మీద అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెల ఏదో చూసి, అదే మీ ఆదాయం అనుకోండి.

ఖాళీ జేబు (కొరాపుట్), జనవరి 14

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మాస్టారూ. గాదె బాగానే ఉంది, గింజలేవి? ఆవిడకి కిందటి నెల జీతమే రాలేదు, కొట్లో 6,200 బాకీ. వచ్చింది వచ్చినట్టు బాకీలకి పోతుంటే అందులో ఏం పోస్తుంది? ఇలాంటి సలహాలు మిగులు ఉన్నవాళ్లకి, మాబోటివాళ్లకి కాదు.

గుణుపురం మాస్టారు, జనవరి 14

నిజమే, మొదటి నెల గింజలు సంపాదించడమే కష్టం. నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఒక్క దెబ్బతో నెల జీతం మిగల్చలేదు, ముందు ఒక వారం ఖర్చు మిగిల్చాను, అంటే 10న పడిన జీతాన్ని 17 దాకా ముట్టకుండా ఉండగలిగే స్థితి. తర్వాత రెండు వారాలు. మధ్యలో మా అమ్మాయికి జ్వరం వచ్చి మళ్లీ మొదటికొచ్చాను. ఇది రాయకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది.

బరంపురం వంటలు, జనవరి 14

నాది క్యాటరింగ్. మూఢం వస్తే నా జీతం సున్నా, ఆషాఢంలో గరిటెలకి తుప్పు. సులువైన మాట చెప్తాను, ఒక గొలుసు పెట్టి గోల్డ్ లోన్ తీసుకుని ఒక నెల ఖర్చు ముందే గాదెలో పడేయండి, ఇక టెన్షన్ లేదు.

పర్లాకిమిడి పెన్షనర్, జనవరి 14

టెన్షన్ లేకపోవడం ఎలా బాబూ, ఇంకో తేదీని నెత్తిన పెట్టుకోవడమే కదా. అసలు వడ్డీ కలిపి చివర్లో ఒకేసారి కట్టే పద్ధతిలో తీసుకుంటారు, నెలనెలా ఏమీ అడగరు కాబట్టి మర్చిపోతారు, ఏడాది తిరిగేసరికి వేలం నోటీసు. నా సర్వీసులో ఆ నోటీసు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడ్డ ఆడవాళ్లు ఎంతమందో. అయితే ఒక మాట, వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు, నాలుగు వడ్డీకి తెచ్చేకన్నా బ్యాంకులో బంగారం పెట్టడం ఎన్నో రెట్లు నయం. నెలనెలా కాస్త కాస్త కట్టగలిగితేనే పెట్టండి.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ), జనవరి 15

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ, మహారాష్ట్రలో ఉన్నా ఇంట్లో తెలుగే. మీ ఆరు తేదీలు చూసి నవ్వొచ్చింది అక్కా, ఏమీ అనుకోకు, మాకైతే ఏడాదికి రెండే జీతాలు, ఒకటి పత్తి, రెండు తునికాకు. మే నెలలో ఎండలో పక్షం రోజులు ఆకు తెంపి కట్టలు కట్టి కల్లంలో ఇస్తాం, డబ్బులు వానల్లో వస్తయి, బోనస్ ఇంకా ఎప్పుడో వస్తది. మా సర్కారు ఆడోళ్లకి నెలనెలా ఇచ్చే లాడ్కీ బహిణ్ 1,500 వస్తది గానీ అది పిల్లల ఫీజులకి, దాన్ని ఇంటి లెక్కలో కలపను.

నేను డబ్బు దాచను, దాచలేను కూడా, ఇంట్లో డబ్బు ఉందని తెలిస్తే చుట్టాలందరికీ జ్వరాలు వస్తయి. నేను సరుకు దాస్త. పత్తి డబ్బు చేతికి రాగానే ఏడాదికి బియ్యం, కందిపప్పు, ఎండుమిర్చి. మాఘం దాటాక కొత్త చింతపండు దిగుతది, అప్పుడే గింజ తీసి ఉప్పు కలిపి జాడీకి ఎత్తుత. బియ్యంలో వేపాకు వేసుకుంటే పురుగు పట్టదు. ఇవన్నీ ఇంట్లో ఉంటే జీతం నెల ఆలస్యమైనా పిల్లలు పస్తుండరు, నూనె, కూరగాయలు చూసుకుంటే చాలు. మీ రాయగడ వైపు కూడా అడవి చింతపండు సంతకి వస్తది కదా, ఆ రోజుల్లో కొను. కొట్లో ఖాతా మీద పావు కిలో పావు కిలో తెచ్చుకునే చింతపండు ఎంత పడుతుందో ఒకసారి లెక్క వెయ్యి. ఖాతా సరుక్కి బేరం ఉండదు అక్కా, వాడు తూచిందే తూకం, చెప్పిందే ధర.

సాలూరు ఆడపడుచు (సునాబెడ), జనవరి 15

అందరూ వాళ్లాయన జీతం గురించే మాట్లాడుతున్నారు. వదినా, నేనూ కుట్టేదాన్నే, ఒకటి అడుగుతాను. నీకు రావలసిన బాకీలు ఎంత?

కుట్టుమిషన్ (రాయగడ), జనవరి 15

అయ్యో అది రాయలేదు కదా. 4,300 దాకా ఉంటాయి. అన్నీ తెలిసినవాళ్లే, పక్కింటివాళ్లు, పాప స్కూలు టీచరు. ఎలా అడుగుతాం?

సాలూరు ఆడపడుచు (సునాబెడ), జనవరి 15

అదీ సంగతి. మీ ఆయన కాంట్రాక్టరు మీకు చేస్తున్నదే నీ గిరాకీలు నీకు చేస్తున్నారు, ఆయన్ని అడగలేరు సరే, వీళ్లనైనా అడగవచ్చు కదా. గుడ్డ ఇచ్చిన రోజు సగం, జాకెట్టు తీసుకున్న రోజు సగం. నోరు రాకపోతే మిషన్ పైన గోడకి ఒక అట్ట తగిలించు, పెద్దక్షరాలతో తెలుగులోనూ ఒడియాలోనూ. మనిషి చెప్తే మొహమాటం, అట్ట చెప్తే కాదు. నేను తగిలించిన నెల ఇద్దరు అలిగి పోయారు, ఒకామె మూడో నెలలో తిరిగొచ్చింది, రెండో ఆమె పోయినందుకు నాకే హాయి. ఇంతకీ లైనింగ్ జాకెట్టుకి ఎంత తీసుకుంటున్నావ్?

కుట్టుమిషన్ (రాయగడ), జనవరి 15

180.

సాలూరు ఆడపడుచు (సునాబెడ), జనవరి 15

180ఆ!! లైనింగ్ గుడ్డ కూడా నీదేనా?? వదినా నీతో విడిగా మాట్లాడాలి.

కుట్టుమిషన్ (రాయగడ), ఫిబ్రవరి 11

మళ్లీ వచ్చాను. డిసెంబరు జీతం జనవరి 21న పడింది, జనవరిది ఇంకా లేదు. సంక్రాంతి జాకెట్లకి 7,400 వచ్చాయి, అందులో 2,850 పెట్టి ఫైనాన్స్ కోసం కోత పడే అకౌంట్లో ఒక ఈఎంఐ అదనంగా వేసేశాను. వాళ్లు తేదీ మార్చలేదు, కాగితం ఇచ్చినా కుదరదన్నారు. పోనీ, ఇప్పుడు ఆ అకౌంట్లో ఎప్పుడూ ఒక ఈఎంఐ నిద్రపోతూ ఉంటుంది, 5న అది పోతుంది, జీతం పడగానే మళ్లీ ఒకటి పెడతాను. ఈ నెల బౌన్స్ కాలేదు. కొట్టు బాకీలో 2,000 కట్టి, మిగతాది నెలకి 700 చొప్పున కడతానని నేనే వెళ్లి చెప్పాను. ఆయన తిట్టలేదు, టీ ఇప్పించాడు. ఇన్నాళ్లూ చుట్టూ తిరిగి వెళ్లినందుకు సిగ్గేసింది.

అట్ట తగిలించాను. పోస్టాఫీసులో ఆర్డీ కట్టమని మా అత్తగారు అంటున్నారు, కట్టొచ్చా?

పర్లాకిమిడి పెన్షనర్, ఫిబ్రవరి 11

కట్టవచ్చు, నెలకి 100 రూపాయలతో కూడా తెరవవచ్చు. కానీ ఒక కిటుకు. నెలలో 15వ తేదీ లోపు తెరిస్తే ప్రతి నెలా 15 లోపే కట్టాలి, 16 తర్వాత తెరిస్తే నెలాఖరు పనిదినం దాకా సమయం ఉంటుంది. మీరు 16 దాటాకే వెళ్లండి. తప్పితే వందకి రూపాయి జరిమానా, అది పెద్దదేం కాదు గానీ వరసగా నాలుగు నెలలు తప్పితే అకౌంటు ఆగిపోతుంది. అయినా నా మాట వింటే ముందు గాదె నిండనివ్వండి, ఆర్డీ ఆ తర్వాత. గాదె ఖాళీగా ఉండగా ఆర్డీ కూడా ఇంకో ఈఎంఐ లాంటిదే.

ఖాళీ జేబు (కొరాపుట్), ఫిబ్రవరి 12

జనవరిలో వెటకారంగా రాశాను, క్షమించక్కా. నా సంగతి చెప్తాను. మేస్త్రీ పని, శనివారం శనివారం కూలి, వాన పడితే లేదు. మా ఆవిడ పేరు మీద మూడు గ్రూప్ లోన్లు, మంగళవారం ఒకరు, గురువారం ఒకరు, పదిహేను రోజులకి ఒకరు వస్తారు. ఒకదానికి కట్టడానికి ఇంకొకటి తీశాం. జీతానికి తేదీ లేకపోతే ఏమౌతుందో తెలిసీ ఇలా చేశాం. ఇందులోంచి బయటపడ్డవాళ్లు ఉంటే చెప్పండి, గాదెల కథలు వద్దు.

పర్లాకిమిడి పెన్షనర్, ఫిబ్రవరి 12

బాబూ, 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఒకటి ఉంది. ఇంటి మొత్తం అప్పుల కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటేలా ఈ గ్రూప్ లోన్లు ఇచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థలు అప్పివ్వకూడదు. అందుకని నాలుగోది అడగకండి, ఇస్తామన్నా వద్దనండి. రెండోది, ఈ అప్పులు ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. మూడింటిలో మిగిలిన బాకీ అన్నిటికన్నా తక్కువ ఏదో చూసి, చేతికి ఏ కాస్త ఎక్కువ వచ్చినా దాని మీదే కొట్టండి, మిగతా రెండూ కిస్తీ మేరకే. వడ్డీ లెక్కలో ఎక్కువ వడ్డీది ముందు తీర్చాలంటారు, నేనూ అదే చెప్పేవాణ్ణి, కానీ మీ ఇంట్లో వారానికి ఒక మనిషి గుమ్మంలోకి రావడం తగ్గితే అది వడ్డీకన్నా ఎక్కువ.

జయపురం లారీ, ఫిబ్రవరి 12

కొరాపుట్ తమ్ముడూ, మా యార్డు దగ్గర గోదాం కడుతున్నారు, కప్పు కింద పని, వానొచ్చినా ఆగదు. ఇక్కడ నంబరు పెట్టను, విడిగా మెసేజ్ పెట్టు.

కుట్టుమిషన్ (రాయగడ), జూన్ 18

మా ఒడిశా రజో పండగ హడావుడి అయిపోయింది, ఇప్పుడు తీరిక. ఎవరైనా గుర్తుపెట్టుకున్నారో లేదో గానీ లెక్క చెప్పాలనిపించింది.

మాస్టారిలాగే నేనూ గాదె అకౌంటు పెట్టాను. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు 5,000 పడగానే గాదెలోకి వెళ్లింది. అది ఏడాదికి రెండు సార్లే వస్తుంది, మహిళా దినోత్సవానికీ రాఖీ పున్నమికీ, కాబట్టి నెల ఖర్చులో కలపకూడదని మాస్టారి లెక్కన ముందే అనుకున్నాను. ఏప్రిల్లో పాప పుస్తకాలు, కొత్త క్లాసు అడ్మిషన్ కలిపి 4,000 తీయాల్సి వచ్చింది, ఏడ్చినంత పని చేసి తీశాను. ఆయన స్నేహితుడి చెల్లెలి పెళ్లికి 2,000 తీశారు, అది అడగకుండా, అందుకు ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు, ఇప్పుడు కార్డు మా అత్తగారి ట్రంకు పెట్టెలో ఉంది. ఇవన్నీ పోగా ఇవాళ్టికి గాదెలో 9,600. నెల ఖర్చుకి ఇంకా చాలా తక్కువే, మాస్టారు చెప్పినట్టు రెండు వారాల దాకా వచ్చాం.

కొట్టు బాకీ 1,400కి దిగింది. చింతపండు మార్చిలో సంతలో ఎనిమిది కిలోలు కొని సిరోంచ చెల్లి చెప్పినట్టు ఉప్పేసి జాడీలో పెట్టాను, ఇల్లంతా నెల రోజులు పుల్లని వాసన. లైనింగ్ జాకెట్టు 260 చేశాను, సునాబెడ వదిన 300 చెయ్యమంటుంది, దసరాకి చూద్దాం. పక్కింటి పిన్నిగారు అట్ట చూసి మొదటి వారం నాతో మాట్లాడలేదు, ఇప్పుడు తన చుట్టాల జాకెట్లకి కూడా సగం డబ్బు తనే ముందు తెచ్చి ఇస్తోంది.

కిందటి నెల జీతం ఎప్పుడు పడిందో క్యాలెండర్లో గుండ్రం చుట్టడం మర్చిపోయాను. మొన్న మా ఆయన్ని అడిగితే పడి నాలుగు రోజులైంది, నువ్వే అడగలేదు అన్నారు.

ఖాళీ జేబు (కొరాపుట్), జూన్ 18

గురువారం వాళ్లది తీరిపోయింది. మంగళవారానిది ఇంకా పదకొండు వారాలు ఉంది.

సాలూరు ఆడపడుచు (సునాబెడ), జూన్ 19

260ఆ!! దసరా దాకా ఆగడం ఏంటి వదినా, శ్రావణ మాసం పెళ్లిళ్లు ఉన్నాయి కదా. ఈసారి లైనింగ్ గుడ్డ విడిగా రాయి అట్ట మీద.